డబ్బాలో తమ్ముడు

పాట సగంలో ఉండగా ఫోన్ లైను దీపం వెలిగింది. ఆ సమయంలో వచ్చే ఫోన్లన్నీ ఒకే రకం. అన్నయ్యా ఇవాళ మా పాప పుట్టినరోజు, అన్నయ్యా ఆ పాట ఒక్కసారి వెయ్యవా, అన్నయ్యా మీ గొంతు వింటే గానీ మాకు పొద్దు పొడవదు. ఊరు ఊరంతా అతన్ని రేడియో అన్నయ్య అనే పిలుస్తుంది. ఒకప్పుడు ఇదే ఊరు అతని గిటార్ చప్పుడికి కిటికీలు మూసుకునేది. ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తు లేదు. అతను హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి, ఆ చెవికి ఫోన్ ఆనించుకున్నాడు.

"బాబూ, నేను. మీ వదినని."

అతని చెయ్యి మిక్సర్ మీటల మీద ఆగిపోయింది. వదిన గొంతు విని ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టాలంటే వేళ్ళు చాలవు.

"ఏమైంది వదినా? అన్నయ్య బాగున్నాడా?"

"నువ్విప్పుడు ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, స్టూడియోలో. పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాను."

వదిన గొంతు బాగా తగ్గించి, "మరి ఇప్పటిదాకా మా వెనక గదిలో మీ అన్నయ్యతో మాట్లాడిందెవరు?" అంది.

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. వదిన వేళాకోళాలాడే మనిషి కాదు.

"రోజూ పొద్దున్నే తలుపు వేసుకుంటారు. నేను తలుపుకి చెవి పెడతాను. రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి ఆయనది, రెండోది నీది. నువ్వేదో అంటావు, ఆయనేదో అంటారు, మళ్ళీ నువ్వంటావు. చిన్నప్పుడు మాట్లాడుకున్నట్టే. తలుపు తోసి చూస్తే ఆయనొక్కరే ఉంటారు."

"మీ ఇంట్లో రేడియో ఉందా?"

"రేడియోనా? మీ అన్నయ్య ఇంట్లోనా?"

నిజమే, అడగకూడని ప్రశ్న. అతను గిటార్ మూలన పెట్టి రేడియోలో చేరిన రోజున అన్నయ్య ఇంట్లో ఉన్న రేడియోని వీధిలోకి విసిరికొట్టాడు. పొద్దున్నే ఊరందరికీ దణ్ణాలు పెట్టుకునే గొంతు నా గడప తొక్కకూడదన్నాడు. ఇద్దరూ కలిసి పంక్ పాటలు, అంటే అరుపులూ మోతా కలిసిన పాటలు, పాడే రోజుల్లో అన్నయ్యని అందరూ పిడుగు అనేవాళ్ళు. ఆ పిడుగు అన్న మాట మీద నిలబడే రకం.

అద్దం అవతల ఇంజినీరు చెయ్యి తిప్పింది. పాట అయిపోవస్తోందని అర్థం.

"మధ్యాహ్నం రా బాబూ. ఆయన్ని పక్కింటాయన ఆస్పత్రికి తీసుకెళ్తాడు పరీక్షలకి. ఆయన ఉన్నప్పుడు మాత్రం రాకు." వదిన ఫోన్ పెట్టేసింది.

ఎర్ర దీపం వెలిగింది. అతను మైకు తెరిచి రోజూ అనే మాటే అన్నాడు. "ఎలా ఉన్నారు? అంతా కులాసాయేనా?" ఆ మాట నోట్లోంచి వెళ్ళాక ఎక్కడ పడుతుందో అతను ఎన్నడూ ఆలోచించలేదు. ఇవాళ మాత్రం ఒక మూసిన తలుపు వెనక ఎవరో దానికి జవాబు చెబుతున్నట్టనిపించి వెన్నులో చలి పుట్టింది. తర్వాత పాట పేరు మర్చిపోయి కాగితం కోసం వెతుక్కున్నాడు.

*

స్టూడియో ఊరి నడిబొడ్డున ఉంటుంది. టవరు ఊరి చివర. అన్నయ్య ఇల్లు సరిగ్గా ఆ టవరు వెనక వీధి. రేడియో పేరెత్తితే మండిపడే మనిషికి ఎదురుగా రేడియో టవరే రాసిపెట్టి ఉంది. డాబా ఎక్కితే ఇంకేమీ కనిపించదు.

వదిన తలుపు తీసింది. కళ్ళ కింద నల్లగా ఉంది. కూర్చోమనలేదు, మంచినీళ్ళివ్వలేదు. గుమ్మంలోనే చెప్పేసింది.

"సోమవారం ఆపరేషన్. గొంతులో. చేశాక ప్రాణానికి భయం లేదంటున్నారు. మాట మాత్రం ఉండదట."

"ఉండదంటే?"

"ఉండదంటే ఉండదు. ఇక జన్మలో."

అతను చెప్పులు విప్పినవాడు విప్పినట్టే నిలబడ్డాడు. ఇవాళ శుక్రవారం. అతనికి మొదట కలిగింది దుఃఖం కాదు, కోపం. ఇన్నాళ్ళూ తీరిగ్గా అలిగి కూర్చున్నారు ఇద్దరూ. ఎప్పుడో ఒకప్పుడు ఒకడు పలకరిస్తాడు, రెండోవాడు పలుకుతాడు అనుకున్నారు. ఆ ఎప్పుడో ఒకప్పుడు ఇంత దగ్గరికొచ్చి కూర్చుంది.

"నాతో ఒక్క మాట మాట్లాడతాడా వదినా, ఈ లోపల?"

"అడిగాను. వాడికి ఊరంతా తమ్ముళ్ళూ చెల్లెళ్ళేగా, నేనెందుకు అన్నారు."

వెనక గది వాళ్ళు ఒకప్పుడు వాయించుకున్న గది. చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా గుడ్ల అట్టలు అతికించారు అప్పట్లో. ఇప్పుడవి దుమ్ము పట్టి నల్లబడ్డాయి, అయినా పని మానలేదు. లోపలికి అడుగుపెట్టగానే వీధి చప్పుడు ఠక్కున తెగిపోయింది. తన ఊపిరి తనకే దగ్గరగా వినిపించింది. వదిన గడప దగ్గరే ఆగిపోయింది.

గది మధ్యలో ఒక కుర్చీ. కుర్చీకి ఎదురుగా, ఎవరినో కూర్చోబెట్టినట్టు, అతని పాత ఆంప్, గిటార్ చప్పుడు పెంచే డబ్బా. గిటార్‌తో పాటు దాన్నీ తీసుకెళ్ళమని అన్నయ్య ఆ రోజుల్లో అనలేదు, అతను అడగలేదు. మూలన తోలు చిరిగిపోయింది, ముందున్న గుడ్డకి బూటుకాలు తగిలిన చిల్లు అలాగే ఉంది.

"అటక మీంచి దింపించారు, డాక్టరు మాట చెప్పిన మర్నాడే," అంది వదిన. "అప్పట్నుంచే ఇదంతా."

ఆంప్ దీపం ఎప్పుడో మాడిపోయింది కాబట్టి చూస్తే ఆపేసినట్టే ఉంది. అతను దాని నెత్తిన చెయ్యి పెట్టాడు. ఎవరో ఇప్పుడే కూర్చుని లేచిన కుర్చీలా వెచ్చగా ఉంది. అప్పుడు వినిపించింది. చాలా సన్నగా, నేల కిందనుంచి వస్తున్నట్టు, ఒక ఆడమనిషి ఏదో చెబుతోంది. వదిన గోడకి అతుక్కుపోయింది. అతను ఇంకో అడుగు వేస్తే గొంతు పెరిగింది. వెనక్కి జరిగితే తగ్గింది. అతనెక్కడున్నాడో ఆ గొంతుకి తెలిసినట్టే ఉంది. మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

వంగి చెవి పెట్టాడు. ఉత్తరపు గాలి, రాత్రికి చినుకులు పడే అవకాశం. మధ్యాహ్నం వాతావరణం చదివే అమ్మాయి.

అతను నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "దయ్యం కాదు వదినా. మా స్టేషన్."

"మీ అన్నయ్య దగ్గర ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు," అంది వదిన. కానీ కొంచెం లోపలికొచ్చింది.

అతను చూపించాడు. గిటార్‌ని ఆంప్‌కి కలిపే తీగ గుచ్చే ఉంది, దాని రెండో కొస కుర్చీ చేతి మీద ఊరికే పడి ఉంది. ప్లగ్గు లోపల పైతొడుగు అతుకు ఊడిపోయింది. అలా ఊడితే తీగ మొత్తం ఏరియల్‌లా పనిచేస్తుంది. టవరు పక్కనే ఉంటే చాలు, ఆంప్ తనంతట తానే స్టేషన్ పట్టుకుంటుంది. వాళ్ళు ప్రోగ్రాములిచ్చే రోజుల్లో కూడా ఇది జరిగేది. పాట మధ్యలో ఎవరో వార్తలు చదివేవాళ్ళు. అన్నయ్య ఆ వార్తల మీద ఇంకా గట్టిగా అరిచేవాడు.

"సరే, ఇది మాట్లాడుతుంది. మరి ఆయన దీనితో మాట్లాడుతున్నారు కదా?"

"మందుల మత్తేమో వదినా. గోల లేకపోతే మానేస్తాడులే."

స్టూడియో సంచిలో చిన్నాచితకా సామాన్లు మోయడం అతనికి అలవాటు. ఇస్త్రీపెట్టెలా వేడెక్కే చిన్న కడ్డీ, సీసం చుట్ట, కత్తెర తీశాడు. ప్లగ్గు మర విప్పి, ఊడిన పోగులు మెలిపెట్టి, వేడి కొస ఆనించి సీసం కరిగించాడు. పొగ లేచింది. సీసం చల్లారేదాకా ఊదాడు. ఆంప్ వెనక చెక్క విప్పి, రేడియో చొరబడకుండా ఆపే నల్లటి పూస ఒకటి లోపలి తీగకి ఎక్కించాడు. ఆ రోజుల్లో అన్నయ్య ఇలాంటివి చెయ్యనిచ్చేవాడు కాదు. ఆ మోత ఉంటేనే మనం ఉన్నట్టురా, అది పోతే పాట మాత్రమే మిగులుతుంది అనేవాడు. రేడియోలో ఇన్నేళ్ళు పనిచేశాక అతని చెవికి మాత్రం మోత పడదు. ఎక్కడ విన్నా చేతులకి దురద పుడుతుంది.

పని చేస్తూ కొన్ని చూశాడు. రెండో కొసన ఉన్న ప్లగ్గు మొన అరగదీసినట్టు తళతళలాడుతోంది. తీగని కిటికీ ఊచకి ఒక వంపులో గుడ్డపేలికతో కట్టారు, ఊరికే కట్టిన కట్టు కాదది. ఇవన్నీ చూసి కూడా పట్టించుకోలేదు. పేలిక విప్పి, రేడియోవాళ్ళ పద్ధతిలో తీగని చక్కగా చుట్టచుట్టి ఆంప్ మీద పెట్టాడు.

గది నిశ్శబ్దమైపోయింది. వదిన తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు గానీ అతనికి టీ ఇవ్వలేదన్న సంగతి ఆమెకి గుర్తు రాలేదు.

*

శనివారం పొద్దున కార్యక్రమం చేస్తున్నంతసేపూ అతని మనసు తేలిగ్గా ఉంది. సాయంత్రం ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళాలి, కాళ్ళు పట్టుకునైనా ఒక్క మాట అనిపించుకోవాలి అనుకున్నాడు. తిట్టినా సరే. తిట్టూ మాటే కదా.

ఆఖరి పాట వేసి కుర్చీలో వెనక్కి వాలేసరికి ఫోన్ దీపం వెలిగింది.

"ఆగిపోయింది బాబూ," అంది వదిన.

"చెప్పానుగా, ఇక రాదు."

"అది కాదు. ఆయన ఆగిపోయారు." ఆమె ఏడుస్తోందని అతనికి అప్పుడర్థమైంది. "పొద్దున్నే వెళ్ళి కూర్చున్నారు. ఆ తీగ విప్పుకుని, కొస గుప్పిట్లో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఒరేయ్ అన్నారు ఒకసారి. కాసేపాగి మళ్ళీ ఒరేయ్ అన్నారు. తర్వాత తీగ కింద పడేసి బయటికొచ్చారు. అప్పట్నుంచీ నాతో కూడా మాట లేదు. సోమవారం ఎలాగూ పోయే మాట, ఇవాళే పోయింది."

అతను ఫోన్ పట్టుకునే ఉన్నాడు. గుప్పిట్లో పట్టుకుని, అంది వదిన. తీగ కొస ఒంటికి తగిలితే మనిషే ఏరియల్ అవుతాడు, గొంతు పెరుగుతుంది. గిటార్ పట్టిన వాడెవడికైనా తెలిసిన సంగతి. ఆ మొన ఎందుకు తళతళలాడుతోందో, కిటికీకి ఆ వంపు ఎందుకు కట్టి ఉందో ఒక్కసారిగా తెలిసింది. మందుల మత్తూ కాదు, మతిభ్రమణమూ కాదు. రేడియో గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషి, ఒట్టు తప్పకుండా తమ్ముణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే చెయ్యి పట్టుకుని మాట్లాడుకున్నాడు. ఆ తమ్ముణ్ణి ఇతనే వెళ్ళి, సీసం పోసి మరీ నోరు మూయించి వచ్చాడు.

తన గొంతు మీద తనకే ఈర్ష్య కలిగింది. తనతో ఒక్క మాట ఆడని అన్నయ్య దానితో ఏమేం చెప్పుకున్నాడో.

ఆదివారం కార్యక్రమం శనివారమే రికార్డు చేసి పెట్టుకుంటారు. అతను ఇంటికి వెళ్ళి బీరువా మీద నుంచి గిటార్ దించుకుని వచ్చాడు. ఇంజినీరు దాన్ని చూసి కనుబొమ్మలెగరేసింది. ఈ పిల్ల పుట్టేనాటికి అతను వాయించడం మానేశాడు.

"ఏంటన్నయ్యా, రిటైరయ్యే వయసులో ఈ వేషాలు?"

"దీపం వెయ్యమ్మా. తర్వాత వెక్కిరిద్దువు గాని."

అతను మామూలుగానే మాట్లాడాడు. ఎలా ఉన్నారు, గొడుగు మర్చిపోకండి, చల్లటివి తాగకండి. కాకపోతే ప్రతి మాటకీ తర్వాత ఆగాడు. అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు. ఒకచోట ఏమీ అనకుండా ఆగి, తర్వాత గిటార్ లావు తీగని గోరుతో పైనుంచి కిందికి బర్రున గీకాడు. ఇంజినీరు చెవులు మూసుకుంది.

అంతా అయ్యాక ఆమె తెర మీద గీతలు చూస్తూ, "ఇన్ని గుంటలేంటన్నయ్యా మధ్యలో? ఎక్కువసేపు చప్పుడు లేకపోతే అలారం మోగుతుంది, స్టేషన్ పెద్దాయన నా ప్రాణం తీస్తాడు. కోసెయ్యనా?" అంది.

"కొయ్యొద్దు."

అతను ఎప్పుడూ అంత కటువుగా మాట్లాడడు. ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. సంగతేమిటని అడిగింది, అతను చెప్పాడు. అతను వెళ్ళేటప్పుడు ఆమె జేబులో పట్టే రికార్డరు ఒకటి తీసి అతని సంచిలో పడేసింది.

*

ఆదివారం పొద్దున వదిన తలుపు తీసి, అతన్ని చూసి, లోపలికి చూసి, పక్కకి తప్పుకుంది.

అన్నయ్య ఆ కుర్చీలోనే ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. మెడకి గుడ్డ చుట్టుకున్నాడు. తలెత్తి తమ్ముణ్ణి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, పలకరింపూ లేదు. గోడలోంచి ఎవరో నడిచొస్తే చూసినట్టు చూసి, మొహం ఆంప్ వైపు తిప్పేసుకున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు అతను. గుడ్ల అట్టలు ఆ మాటని అక్కడికక్కడే మింగేశాయి.

అతను నేల మీద కూర్చుని ఆంప్ వెనక చెక్క విప్పాడు, కత్తెరతో పూస తెంపి జేబులో వేసుకున్నాడు. కడ్డీ వేడెక్కేదాకా కాచుకున్నాడు. తను పోసిన సీసం తనే కరిగించి ఊడదీశాడు. ఒకసారి వేలు కాల్చుకున్నాడు. అన్నయ్య ఓరకంట చూస్తూనే ఉన్నాడు. తీగని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు గానీ, ఆ వంపు ఎలా ఉండేదో గుర్తు రాలేదు. ఇలా కట్టి చూశాడు, అలా కట్టి చూశాడు. వెనక కుర్చీ కిర్రుమంది. అన్నయ్య లేచొచ్చి, అతని చేతిలోంచి పేలిక లాక్కుని, ఊచకి రెండు చుట్లు చుట్టి ముడేసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ప్లగ్గు గుప్పిట్లోకి తీసుకున్నాడు.

బుయ్యిమని మోత. మోత లోపల, చాలా అడుగున, ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఎలా ఉన్నారు? అంతా కులాసాయేనా?"

తన గొంతే. తను ఇక్కడ నోరు మూసుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు, అది అక్కడ మాట్లాడుతోంది. బతికుండగానే తన తర్వాత జరిగేది చూస్తున్నట్టుంది.

"ఎలా ఉంటానురా," అన్నాడు అన్నయ్య. గొంతు బొంగురు కూడా కాదు, ఉత్త గాలి. "రేపు కోస్తారట."

"బయట మబ్బుగా ఉంది. గొడుగు మర్చిపోకండి."

"నాకెందుకురా గొడుగు. మంచం మీద పడుకోబెట్టి తోసుకెళ్తారు."

ఆంప్ ఆగింది. ఆ ఆగడంలో అన్నయ్య మొహం మారింది. ఎప్పుడూ తన మాట పూర్తి కాకముందే మాట్లాడేసే డబ్బా ఇవాళ తన మాట వింటోంది. అన్నయ్య గుప్పిట తెరిచి, ప్లగ్గు మొన మీద గోరుతో రెండుసార్లు తట్టాడు. ప్రతి పాటకీ ముందు మైకు మీద అలాగే తట్టేవాడు, ఆ తట్టు మీదే తమ్ముడు గిటార్ గీకేవాడు. టప్ టప్ అని ఆంప్ మోగింది. ఆ వెంటనే, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా, గిటార్ తీగ బర్రుమంది.

గడప దగ్గర వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్నయ్య రెండుసార్లు తట్టడానికి ఎంతసేపు పడుతుందో తమ్ముడి చేతులకి తెలుసు. అవి ఇన్నేళ్ళూ మర్చిపోలేదు.

అన్నయ్య ఆంప్ వైపే చూస్తూ, "ఒరేయ్, నీ పక్కన కూర్చున్నాడే, వాణ్ణి అడుగు. ఆ సంచిలోంచి కనిపిస్తున్న మెషిన్ ఆన్ చేసి ఉంచాడేమో," అన్నాడు.

అతనూ ఆంప్ వైపే తిరిగాడు. "లేదని చెప్పు. అడక్కుండా చెయ్యనని చెప్పు."

ఆంప్ తన మానాన తను పాటల పేర్లు చదువుతోంది.

"చెయ్యమను," అన్నాడు అన్నయ్య.

అతను రికార్డరు తీసి, మీట నొక్కి, ఇద్దరికీ మధ్య నేల మీద పెట్టాడు. చిన్న ఎర్ర చుక్క వెలిగింది. ఆంప్‌లో తమ్ముడు రేపు మళ్ళీ కలుద్దాం అని సెలవు తీసుకున్నాడు. తర్వాత ఎవరిదో ప్రకటన మొదలైంది. అన్నయ్య ప్లగ్గు కింద పెట్టేశాడు. గొంతు నేలలోకి దిగిపోయింది, మోత ఒక్కటే మిగిలింది. ఇక మధ్యవర్తి ఎవరూ లేరు.

అన్నయ్య వంగి రికార్డరు నెత్తి మీద రెండుసార్లు తట్టాడు. తలెత్తి, ఈసారి తమ్ముడి మొహంలోకే చూశాడు.

"ఒరేయ్ కరెంటూ," అన్నాడు. ఆ పేరు పెట్టింది అన్నయ్యే, మైకు షాకు కొట్టి ఇతను ఎగిరిపడిన రోజున. "పొద్దున్న ఏమైనా తిన్నావా?"

పొద్దున్నే ఊరందరినీ పలకరించే మనిషి లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నోటితో చెప్పు. తల ఊపితే అందులో పడదు," అన్నాడు అన్నయ్య.

"లేదన్నయ్యా," అన్నాడు అతను. వదిన అప్పటికే వంటింట్లో కంచాలు తీస్తోంది.